బేస్‌మెంట్‌లో ట్యాంకు సరే, పొద వెనక ఆ గొట్టం ఏమిటి?

ప్రశ్న: నమస్కారం. మేము న్యూజెర్సీలో, మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటాం. మూడేళ్ల క్రితం ఇక్కడ 1958లో కట్టిన ఇల్లు కొన్నాం. పోయిన నెల ఆయిల్ ఫర్నేసు తీయించి గ్యాసుది పెట్టించాం. పాత ఆయిల్ ట్యాంకు మాత్రం బేస్‌మెంట్ మూలన అలాగే ఉంది. దాని మీద గేజు పావు దాటి చూపిస్తోంది. గ్యాసు పని చేసిన కాంట్రాక్టర్ "వదిలేయండి, దాని మానాన అది పడి ఉంటుంది" అన్నాడు. మా వారు బకెట్లతో తోడి ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు. స్నేహితుడొకరు తన డీజిల్ ట్రక్కులో పోసుకుంటానన్నారు. తెనాలి నుంచి వచ్చిన మా మామగారు, ఇంత నూనె ఎవరికో ఇవ్వడం ఎందుకు, డెక్కు స్తంభాలకు పూసి మిగిలింది ఇంటి చుట్టూ పోస్తే చెద దగ్గరికి రాదు అంటున్నారు. ఖాళీ ట్యాంకును నిలువునా కోయించి మొక్కలకు వాన నీళ్లు పట్టుకోవచ్చని కూడా ఆయన ఆలోచన. నాకేమో మెట్లు దిగితే చాలు, ఆ వాసనకు తల తిరుగుతోంది. నూనెను ఏం చేయాలి? ట్యాంకును మేమే తీసేయవచ్చా? అన్నట్టు, ఇంటి పక్కన హైడ్రాంజియా పొద వెనక నేలలోంచి ఇంకో తుప్పుపట్టిన గొట్టం పైకి వచ్చి ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు "అన్నట్టు" దగ్గర ఆగిపోయాను. నాకు వచ్చే ఉత్తరాల్లో అసలు సంగతి చాలాసార్లు ఆ మాట తర్వాతే బయటపడుతుంది. పొద వెనక గొట్టం దగ్గరికి తప్పకుండా వస్తాను. వాసన భరిస్తున్నది మీరు కాబట్టి ముందు బేస్‌మెంట్‌లోకి దిగుదాం.

మీ ట్యాంకులో ఉన్నది చెత్త కాదు. శుభ్రంగా ఉన్నంతవరకు అది ఇంధనం, డబ్బున్న సరుకు. అందులో పాత పెట్రోలో, పెయింటు కలిపే టర్పెంటైనో, కారులోంచి తీసిన ఇంజిన్ ఆయిలో ఒక్క డబ్బా పడిందా, ఆ క్షణం నుంచి అది ప్రమాదకరమైన వ్యర్థం అవుతుంది. అప్పుడు తీసుకుపోవడానికి మీరే ఎదురు డబ్బివ్వాలి. కాబట్టి "ఎలాగూ పారేసేదేగా" అని గ్యారేజీలో మిగిలిన డబ్బాలన్నీ అందులో ఒంపవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ముఖ్యంగా మీ వారికి. ఇలాంటి పొదుపు ఆలోచనలు మగవాళ్లకే వస్తాయి, నాకూ వచ్చింది కనుక చెబుతున్నాను.

ఎంత ఉందో చూద్దాం. ఇక్కడి ఇళ్ల బేస్‌మెంట్లలో కనిపించే నిలువు ట్యాంకు మామూలుగా 275 గ్యాలన్లది. నాలుగు పొట్టి కాళ్ల మీద నిలబడి, సుమారు 44 అంగుళాల ఎత్తు, 27 అంగుళాల వెడల్పు, 5 అడుగుల పొడవు ఉంటుంది. అడుగు భాగం గుండ్రంగా ఉంటుంది కనుక గేజు పావు అంటే సరిగ్గా పావు వంతు నూనె ఉన్నట్టు కాదు, కొంచెం తక్కువే. మీ దాంట్లో 60, 70 గ్యాలన్ల మధ్య ఉండవచ్చు. అంటే సుమారు 250 లీటర్లు, రెండు క్వింటాళ్ల బరువు. గ్యాలను మూడు నాలుగు డాలర్లు పలికితే రెండు వందల డాలర్ల దాకానో, ఆ పైనో ఉండే సరుకు. అయిదు గ్యాలన్ల బకెట్లతో తోడితే 13 బకెట్లు, ఒక్కొక్కటి 16 కిలోలు. ఆ బకెట్లతో బేస్‌మెంట్ మెట్లు ఎక్కుతున్న మీ వారిని ఊహించుకోండి. పదమూడింటిలో ఒక్కటి తొణికినా ఆ మెట్ల కార్పెట్టును తీసి పారేయాల్సిందే.

ఒకప్పుడు నేనూ ఇదే పని చేశాను. తెలిసినవాళ్లకు ఇద్దామని అయిదు గ్యాలన్ల డబ్బా ఒకటి కారు డిక్కీలో పెట్టుకుని బయలుదేరాను. మలుపులో డబ్బా పక్కకు ఒరిగింది. బిరడా బిగించానని నా నమ్మకం. ఒలికింది మహా అయితే గిద్దెడు. ఆ కారు అమ్మేసే రోజు వరకు, మూడు ఎండాకాలాలు గడిచినా, అద్దాలు ఎక్కించగానే ఆ వాసన వచ్చేది. మా ఆవిడ ఆ కారులో గుడికి రావడం మానేసింది.

ఇప్పుడు మీ స్నేహితుడి ట్రక్కు. హీటింగ్ ఆయిల్, డీజిల్ దాదాపు ఒకే జాతివి. న్యూజెర్సీలో 2016 జులై నుంచి హీటింగ్ ఆయిల్‌లో గంధకం కూడా డీజిల్‌లో ఉన్నంతకే, 15 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 15 పాళ్లకు, పరిమితం చేశారు. మరి పోసుకుంటే తప్పేమిటి అంటే, రంగు. చిన్న గాజు సీసాలోకి కొంచెం తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే ఎర్రగా ఉంటుంది. మన రేషన్ షాపు కిరసనాయిలుకు నీలం రంగు కలిపినట్టే ఇక్కడ రోడ్డు పన్ను కట్టని ఇంధనానికి ఎర్ర రంగు కలుపుతారు. రోడ్డు మీద తిరిగే బండి ట్యాంకులో ఆ ఎరుపు కనిపిస్తే ఫెడరల్ జరిమానా కనీసం 1,000 డాలర్లు, లేదా గ్యాలనుకు 10 డాలర్లు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఉచితంగా వచ్చిన 65 గ్యాలన్లకు వెయ్యి డాలర్లు కట్టే స్నేహితుడు తర్వాత మీ ఇంటికి భోజనానికి రాడు.

మామగారికి ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆయన మాట గాలిలోంచి పుట్టింది కాదు. మన ఊళ్లలో పశువుల పాక గుంజలకు, దూలాలకు కాలిన ఇంజిన్ ఆయిల్ పూయడం నేనూ చూశాను. కానీ ఆ పాక పక్కన గడ్డివాము ఉండేది, ఇక్కడ మీ డెక్కు ఇంటి గోడకు ఆనుకుని ఉంది. వేసవిలో పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు, దాని మీదే గ్రిల్లు పెడతారు. ఇంటి చుట్టూ నేలలో పోయడమంటారా, ఈ రాష్ట్రంలో నూనెను నేలలోకి వదలడమంటే చట్టప్రకారం కాలుష్యమే. పోసిన నూనె పోసినచోటే ఉండదు. మట్టిలోకి దిగి, భూగర్భ జలం తగలగానే దానిపై తేలుతూ పక్కలకు సాగుతుంది. పునాది పక్కన పోస్తే ఆవిరి రూపంలో మళ్లీ మీ బేస్‌మెంట్‌లోకే వస్తుంది. ఇప్పుడు మీకు మెట్ల దగ్గర వస్తున్న వాసన ఇంటి నిండా వస్తుంది. ఆయనకు ఇంకో సంగతి కూడా చెప్పండి: ఇది కిరసనాయిలుకు అన్నగారే కానీ కిరసనాయిలు కాదు. వత్తి హీటరులోనో, లాంతరులోనో పోస్తే మసి కమ్ముతుంది, నిప్పు అదుపు తప్పవచ్చు.

మరి ఎవరికి ఇవ్వాలి? మీ వీధిలోనే ఇంకా ఆయిల్‌తో ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్లు ఉంటారు. చలికాలం ముందు వాళ్లకు ఇది వరమే. ట్యాంకులు తీసే కంపెనీల్లో కొన్ని తమ పంపుతో, గొట్టాలతో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చి పెడతాయి, దానికి విడిగా కొంత తీసుకుంటాయి. ఆయిల్ సరఫరా చేసే కంపెనీలు మాత్రం ఈ పనికి చాలావరకు ఒప్పుకోవు. వాడి తోడిన నూనెలో ఏముందో వాళ్లకు తెలియదు, వాళ్ల లారీ పాడవుతుందని భయం. ఆ భయంలో న్యాయం ఉంది, అందుకే ఇచ్చే ముందు మీరే చూసుకోండి.

ఎలా చూడాలంటే, మూత ఉన్న తెల్లని గాజు సీసా ఒకటి తీసుకోండి, ఖాళీ ఆవకాయ సీసా చాలు (ఆ తర్వాత దాన్ని వంటింట్లోకి రానివ్వకండి). ట్యాంకు అడుగునుంచి ఫర్నేసుకు వెళ్లిన సన్నని రాగి గొట్టం మొదట్లో చిన్న వాల్వు, దాని పక్కన ఫిల్టరు డబ్బా ఉంటాయి. వాల్వును మీరు తిప్పవద్దు, పాత వాల్వులు ఒకసారి తిప్పితే కారడం మొదలుపెడతాయి. ట్యాంకు మనిషి వచ్చినప్పుడు సీసా నింపి ఇమ్మనండి. రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి పైనుంచి కింది దాకా పారదర్శకంగా ఎర్రగా ఉంటే మంచి నూనె. అడుగున నీటి పొర కనిపించినా, నల్లటి నలుసులు చేరినా అది మడ్డి. ఇనుప ట్యాంకులో ఎండాకాలం చల్లటి గోడలకు చెమట పట్టి ఆ నీరు అడుగుకు దిగుతుంది. నూనెకూ నీటికీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, తుప్పు రాలుతుంది. ఏళ్ల తరబడి ఈ మూడూ కలిసి మడ్డిగా పేరుకుంటాయి. అందుకే నూనె ఇచ్చేటప్పుడు ట్యాంకు పైభాగం నుంచి తోడి, అడుగున రెండు మూడు అంగుళాలు వదిలేయాలి. ఆ అడుగుది ఎవరికీ ఇవ్వకూడదు. దాన్ని కంపెనీవాళ్లే డ్రమ్ములో పట్టుకుని పోతారు.

పొరుగువాళ్లు దొరకకపోతే ఇంకో దారి ఉంది. కొన్ని మెకానిక్ షెడ్లలో పాత నూనెలు కాల్చి షెడ్డు వెచ్చబెట్టుకునే హీటర్లు ఉంటాయి. అడిగితే సంతోషంగా తీసుకుంటారు. కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ రోజు గురించి కూడా వినే ఉంటారు. అది గుర్తింపు కార్డు చూపి, బిగుతుగా మూతపెట్టిన చిన్న డబ్బాలతో వెళ్లేవాళ్ల కోసం. ఒకటి రెండు డబ్బాలైతే ముందు ఫోను చేసి అడగండి. 65 గ్యాలన్లకు అది చోటు కాదు. డబ్బా కొనాల్సి వస్తే పసుపు రంగుది కొనండి. ఈ దేశంలో ఎర్ర డబ్బా పెట్రోలుకు, నీలం కిరసనాయిలుకు, పసుపు డీజిల్‌కు. నూనె ఎర్రగా ఉంది కదా అని ఎర్ర డబ్బాలో పోస్తే, ఎవరో ఒకరు దాన్ని గడ్డి కోసే యంత్రంలో పోస్తారు.

ఇంకా ఆయిల్ ఫర్నేసు తీయించని పాఠకులకు మధ్యలో ఒక మాట. మీకు ఈ తంటా లేదు. కాల్చేయండి. బర్నరు నాజిల్ మీద 0.85 అని ఉంటే అది నడిచిన గంటకు సుమారు అంత గ్యాలను తాగుతుందని అర్థం. 65 గ్యాలన్లు జనవరి చలిలో రెండు వారాలు కూడా రావు. చలికాలం చివర కొత్త నూనె ఆర్డరు ఆపి, గేజు ఎనిమిదో వంతుకు వచ్చాక వసంతంలో గ్యాసుకు మార్పిడి పెట్టుకోండి. మరీ అడుగంటే దాకా నడపవద్దు, మడ్డి ఫిల్టరులోకి వచ్చి అర్ధరాత్రి ఇల్లు చల్లబడుతుంది.

ఇక ట్యాంకు. "మేమే తీసేయవచ్చా?" అన్నారు. వద్దు. ఖాళీదే 100 కిలోలకు పైగా బరువు. పైగా మీ బేస్‌మెంట్ మెట్లు మలుపు తిరిగి ఉంటే అది మొత్తంగా బయటికి రాదు, కోయాలి. కోయడం ఎలా జరుగుతుందో చెబుతాను, అప్పుడు మీకే తెలుస్తుంది. నేల మీద మందపాటి ప్లాస్టిక్ పరుస్తారు. పంపుతో నూనె తోడేస్తారు. తర్వాత రంపం లాంటి కరెంటు కత్తితో ట్యాంకు పక్క రేకును తలుపులా కోస్తారు. గ్యాసు మంట వాడరు. ఖాళీ ట్యాంకులో మిగిలేది ఆవిరే. మంట తగిలితే అంటుకునేది కూడా అదే. ఖాళీ డ్రమ్ములను మంటతో కోయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. రేకు తీయగానే లోపల అడుగున, దీపావళి మర్నాడు ప్రమిదలో మిగిలిన మసి జిడ్డులాంటిది నాలుగు వేళ్ల మందాన కనిపిస్తుంది. దాన్ని రబ్బరు పారలతో గీకి, నూనె పీల్చే పొడి చల్లి, గుడ్డలతో తుడుస్తారు. ట్యాంకు రెండు ముక్కలై మెట్లెక్కుతుంది, తుక్కు దుకాణానికి వెళ్తుంది. ఇద్దరు మనుషులకు సగం పూట పని. అంత తుడిచినా ఆ ఇనుము మీద నూనె పొర పూర్తిగా పోదు. కాబట్టి మామగారి వాన నీళ్ల ఆలోచనకు కూడా నమస్కారం పెట్టేయండి. ఆ నీళ్లు పోసిన గోంగూర మీరు తినలేరు. వాన నీళ్లకు ప్లాస్టిక్ పీపా చవగ్గా దొరుకుతుంది, ఆయన చేతే కొనిపించండి.

పని ఇచ్చే ముందు టౌన్‌షిప్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసుకు ఫోను చేసి, నేలపై ఉన్న ట్యాంకు తీయడానికి పర్మిట్ కావాలా అని అడగండి. చాలా ఊళ్లలో కావాలి. కాంట్రాక్టరుకు రాష్ట్రంలో గృహ మరమ్మతుల రిజిస్ట్రేషన్ ఉందో లేదో, కాలుష్యానికి వర్తించే బీమా ఉందో లేదో అడగండి. "పర్మిట్ ఎందుకండీ, మనలో మన మాట" అనేవాడికి టీ ఇచ్చి పంపించేయండి.

ఇప్పుడు మీ గ్యాసు కాంట్రాక్టర్ "వదిలేయండి" అన్న మాట. నాకు అతని మీద కోపం రావడానికి కారణం ట్యాంకు కాదు, మీ ఇంటి బయట గోడలోంచి వచ్చిన రెండు గొట్టాలు. ఒకటి లావుది, మూత ఉన్నది, లారీవాడు నూనె పోసేది. ఇంకోటి సన్నది, పైన పుట్టగొడుగు టోపీలాంటిది ఉంటుంది, గాలి పోవడానికి. నూనె పోస్తుంటే గాలి ఆ సన్న గొట్టంలోంచి బయటికి వస్తూ ఈల వేస్తుంది. ఈల ఆగితే ట్యాంకు నిండిందని గుర్తు. ట్యాంకు తీసేసి ఈ లావు గొట్టాన్ని మాత్రం గోడకు అలాగే వదిలేసిన ఇళ్లున్నాయి. ఎప్పుడో ఒక రోజు పాత చిరునామా రద్దు కాకనో, పక్కింటి నంబరు తప్పుగా చదివో లారీ వస్తుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ పంపు నిమిషానికి 60 గ్యాలన్లకు పైగా తోస్తుంది. ఈల వినబడలేదని లారీవాడు ఆలోచించేలోపే బేస్‌మెంట్ నేలంతా నూనె పరుచుకుంటుంది. ఈ దేశపు ఈశాన్య రాష్ట్రాల్లో ఇది ఎక్కడో ఒకచోట మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది. అలాంటి ఇల్లు ఒకటి నేను చూశాను. గోడలు విప్పారు, కాంక్రీటు పగలగొట్టారు, కింద మట్టి తవ్వారు. ఏడాదిన్నర ఆ కుటుంబం అద్దె ఇంట్లో ఉంది.

అందుకని ట్యాంకు బయటికి వెళ్లిన రోజే ఆ రెండు గొట్టాలూ బయటికి రావాలి, గోడ రంధ్రాలు సిమెంటుతో మూయాలి. మూతపెట్టి తాళం వేయడం చాలదు. తీసేదాకా మీ వారిని లావు గొట్టం మూతకు "పోయవద్దు" అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసిన అట్ట వేలాడదీయమనండి. పాత ఆయిల్ కంపెనీకి రాతపూర్వకంగా, ఈమెయిల్ అయినా సరే, ఆటోమేటిక్ సరఫరా రద్దు చేశామని, ట్యాంకు తీసేస్తున్నామని చెప్పి జవాబు దాచుకోండి. ట్యాంకు నుంచి ఫర్నేసు దాకా ఉన్న రాగి గొట్టం సంగతి కూడా కాంట్రాక్టరును అడగండి. అది కాంక్రీటు కింద నుంచి వెళ్లి ఉంటే లోపలి నూనె ఊదేసి రెండు కొసలూ మూయాలి.

పని జరిగే రోజున ఒక జాగ్రత్త. మీ బేస్‌మెంట్‌లో వాననీళ్లు తోడే సంపు పంపు ఉంటే దాని ప్లగ్గు పీకేయండి. నూనె ఒలికి సంపులోకి జారితే, ఆ పంపు తన పని తాను చేస్తున్నాననుకుని మొత్తాన్ని వీధి కాలువలోకి కొడుతుంది. అప్పుడు సమస్య మీ ఇంటిది కాదు, ఊరిది. ఒలికితే నీళ్లతో కడగకండి. పిల్లికి వాడే ఇసుక సంచి ఒకటి తెచ్చి పెట్టుకోండి, ఒలికినచోట చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి విడిగా సంచిలో కట్టండి. ఇంకో చిన్న ప్రశ్న కూడా: గ్యాసు ఫర్నేసు పొగను పాత పొగగొట్టంలోకే వదిలారా? అయితే దాని లోపల కొత్త లైనరు, అంటే ఇటుకకు పొగ తగలకుండా లోపలి గొట్టం, వేశారా అని అడగండి. గ్యాసు పొగ చల్లగా, తేమగా ఉంటుంది, పాత ఇటుకను తినేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? సరే, అది ఇంకో ఉత్తరానికి.

ఇక హైడ్రాంజియా పొద.

1958 ఇల్లు. అప్పట్లో ఇక్కడ చాలా ఇళ్లకు ఆయిల్ ట్యాంకు నేలలోనే పాతేవారు, ఎక్కువగా 550 గ్యాలన్లవి. తర్వాతెప్పుడో అది పాతబడితేనో, కారితేనో బేస్‌మెంట్‌లో కొత్తది పెట్టుకునేవారు. పాతదాన్ని తవ్వి తీసేవాళ్లు కొందరు. చాలామంది గొట్టాన్ని మర్చిపోయి ఊరుకునేవారు. మీ పొద వెనకది అదే అని నేను అనడం లేదు. పాత బావి గొట్టం కావచ్చు, మురుగు గొట్టం మూత కావచ్చు. కానీ అనుమానించకుండా ఉండలేను. ఒక పని చేయండి. బేస్‌మెంట్‌లో ఆ పొద ఉన్న వైపు గోడ దగ్గరికి టార్చిలైటుతో వెళ్లండి. నేలకు జానెడు పైన, పెన్సిలంత లావు రాగి గొట్టాలు రెండు జంటగా గోడలోంచి వచ్చి, కొసలు నొక్కేసి, లేదా వంచేసి ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి మాట్లాడుతున్నట్టే. ఒకటి నూనె తేవడానికి, ఒకటి మిగిలింది వెనక్కి పంపడానికి.

ఆ గొట్టంలోకి కర్రలు, చువ్వలు దూర్చవద్దు. మామగారికి కూడా చెప్పండి. టౌన్‌షిప్ క్లర్కు ఆఫీసులో ఓప్రా అర్జీ పెట్టండి, మన సమాచార హక్కు దరఖాస్తు లాంటిది. మీ ఇంటి మీద ఇప్పటిదాకా ఇచ్చిన పర్మిట్లన్నీ, ముఖ్యంగా ట్యాంకు తీయడానికీ పెట్టడానికీ ఇచ్చినవి, కావాలని రాయండి. ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. ఆలోగా మూడేళ్ల క్రితం ఇల్లు కొన్నప్పటి కట్టను దించండి. తనిఖీ రిపోర్టులో ట్యాంకు స్వీప్ అనే మాట ఉందేమో చూడండి. యంత్రంతో నేల కింద ఇనుము ఉందేమో వెతకడాన్ని అలా అంటారు. చేయించి ఉంటే, ఏం తేలిందో రాసి ఉంటుంది. చేయించకపోతే ఇప్పుడు చేయించండి, కొన్ని వందల డాలర్ల పని.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఈ రాష్ట్రపు స్పిల్ చట్టం 1976 నాటిది, మెత్తనిది కాదు. నేలలోకి నూనె కారితే "మేం కారనివ్వలేదు, పాత యజమాని పని" అన్నది సులభంగా చెల్లే మాట కాదు. 1993 సెప్టెంబరు 14 తర్వాత ఆస్తి కొన్నవాళ్లు, కొనేముందు తగినంత విచారించామని చూపించగలిగితేనే అమాయక కొనుగోలుదారు రక్షణ అడగగలరు. మామూలు ఇంటి బీమాలో కాలుష్యం చాలావరకు మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. మీ పాలసీ తీసి ఆ పేజీ చదవండి.

ట్యాంకు నిజంగానే ఉందని తేలితే దడుచుకోకండి. పర్మిట్ తీసుకున్న కాంట్రాక్టర్ తవ్వడానికి కనీసం మూడు పనిదినాల ముందు 811కు ఫోను చేస్తాడు, గ్యాసు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో రంగులతో గీతలు గీసి వెళ్తారు. తవ్వి, నూనె తోడి, లోపల తుడిచి, ట్యాంకును పైకి ఎత్తుతారు. ఇసుకో నురుగో నింపి అక్కడే వదిలేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, నా అభిప్రాయం ఇదే. వదిలేసిన ట్యాంకు కింద మట్టి ఎలా ఉందో ఎవరూ చూడరు. రేపు ఇల్లు కొనబోయేవాళ్ల లాయరు మాత్రం అడుగుతాడు. పైకి ఎత్తాక ఇన్‌స్పెక్టరు గొయ్యి చూస్తాడు. మీరూ దగ్గర ఉండి చూడండి. ట్యాంకు పొట్ట మీద గుండుసూది బెజ్జాలు ఉన్నాయా, మట్టి నల్లబడి నూనె వాసన వేస్తోందా? లేకపోతే పని కొన్ని వేల డాలర్లతో అయిపోతుంది. ఉంటే ఆ రోజే రాష్ట్ర పర్యావరణ శాఖ హాట్‌లైన్ 1-877-927-6337కు చెప్పాలి, వాళ్లు కేసు నంబరు ఇస్తారు. తర్వాత రాష్ట్ర గుర్తింపు ఉన్న నిపుణుడి పర్యవేక్షణలో మట్టి తీసి, నమూనాలు పరీక్షించి, చివరికి "ఇక చర్య అక్కర్లేదు" అనే ఉత్తరం శాఖ నుంచి తెచ్చుకోవాలి. ఇది పదివేల డాలర్లు దాటవచ్చు, నీరు పాడైతే ఇంకా ఎక్కువ. మొదటి కాంట్రాక్టర్ చెప్పిన లెక్క మీద సంతకం పెట్టకుండా రెండో మనిషిని పిలవండి. తవ్వేవాడూ, ఎంత తవ్వాలో చెప్పేవాడూ ఒకడే అయితే గొయ్యి పెద్దదవుతూ పోతుంది.

కాగితాల సంగతి చివరికి పెట్టాను గానీ ఇది ముందే మొదలవ్వాలి. బేస్‌మెంట్ ట్యాంకుకైనా, పొద వెనకదానికైనా: పర్మిట్, ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టిన ఆమోదపత్రం, నూనె, మడ్డి ఎన్ని గ్యాలన్లు ఎక్కడికి వెళ్లాయో చూపే రసీదు, ఇనుము తుక్కు రసీదు, ముందూ వెనకా తీసిన ఫొటోలు. వీటన్నిటినీ ఇంటి దస్తావేజుల కవరులోనే పెట్టండి. పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్లు మొదట అడిగేది వంటగది గురించి కాదు.

క్రమం మార్చకండి. ముందు ఓప్రా అర్జీ, స్వీప్. ఎందుకంటే పొద కింద ట్యాంకు ఉంటే రెండు ట్యాంకులకూ ఒకే కాంట్రాక్టరును, ఒకే పంపు లారీని పిలవవచ్చు. రెండుసార్లు రప్పించే ఖర్చు మిగులుతుంది. వాసన అంతదాకా ఆగలేకపోతే, ఫిల్టరు డబ్బా కింద అట్టపెట్టె ముక్క ఒకటి పెట్టి రెండు రోజులు చూడండి. చుక్క పడి ఎర్రగా మరక కడితే లీకు అక్కడే ఉంది, అప్పుడు బేస్‌మెంట్ ట్యాంకుది వెంటనే తోడించేయండి. మరక లేకుంటే వారం రెండు వారాల్లో కొంపలు మునగవు.

ఆ పొద వెనక గొట్టం మూత మీద అక్షరాలు పోతపోసి ఉంటే తుడిచి, పక్కన ఒక డాలరు నోటు పెట్టి ఫొటో తీసి పంపండి. గొట్టం ఎంత లావో దాన్నిబట్టి చెప్పవచ్చు. రెండు అంగుళాలైతే నా అనుమానం గట్టిపడుతుంది, నాలుగైతే మురుగు గొట్టం కావడానికే అవకాశం ఎక్కువ.